లేదండి మేడం

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. సర్వీసు రిజిస్టరులో తప్ప ఆ పేరు ఎక్కడా వినబడదు. అటెండరు దగ్గర్నుంచి జాయింట్ సెక్రటరీ దాకా అందరూ ఆమెను 'లేదండి మేడం' అనే అంటారు. చాటున అనే మాట అనుకునేరు, కాదు, ముఖం మీదే అంటారు. ఆమె కూడా నిక్షేపంగా పలుకుతుంది.

పురపాలక శాఖ మూడో అంతస్తులో, లిఫ్టు పక్కన, ప్రశ్నల సెక్షను అని ఒక గది ఉంది. దానికి ఒక్కటే కిటికీ, అదీ తెరుచుకోదు. సభలో సభ్యులు మంత్రిని రాతపూర్వకంగా అడిగే ప్రశ్నలన్నీ ఆ గదికే వస్తాయి. జవాబు మంత్రిగారి పేరున అచ్చవుతుంది గాని రాసేది ఆ కిటికీ కింద కూర్చున్న ఆమె. ఇరవై నాలుగేళ్లుగా రాస్తోంది. ఈలోపు ఏడుగురు మంత్రులు మారారు. ఆమె కుర్చీ మాత్రం కదల్లేదు.

ప్రశ్న ముక్కలు ముక్కలుగా ఉంటుంది. (అ) ఫలానాది జరిగిన మాట వాస్తవమేనా? (ఆ) అయితే, ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి? మొదటి ముక్కకి 'లేదండి' అని రాసి పారేస్తే రెండోదానికి చెమటోడ్చక్కర్లేదు. 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అంటే సరిపోతుంది. అంటే ఆ ప్రశ్న అసలు పుట్టనే లేదని అర్థం. ఎదురుగా కాగితం మీద కళ్లప్పగించి చూస్తున్న ప్రశ్నని పట్టుకుని పుట్టలేదనడమేమిటని మీరూ నేనూ అనుకుంటాం. ఆ గదిలో ఎవరూ అనుకోరు.

ఈ విద్య ఆమెకు నేర్పింది ఎప్పుడో రిటైరైపోయిన పాత సెక్షన్ ఆఫీసరు. అడిగినదానికి జవాబు చెప్పకమ్మా, అడిగిన మాటకి చెప్పు, అని ఆయన ఉపదేశం. సభ్యుడు గుంతల గురించి అడిగాడు, కింది ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో గోతులు అని ఉంది. అయితే గుంతలు లేవు. సభలో నోటితో అడిగితే మంత్రి నీళ్లు నమలడం అందరికీ కనిపిస్తుంది, వెంటనే మరో ప్రశ్న వేసి నిలదీయొచ్చు. రాతపూర్వక జవాబుకి ఆ బెడద లేదు. మళ్లీ అడగాలంటే మళ్లీ నోటీసివ్వాలి, పన్నెండు రోజులు ఆగాలి. ఆ పన్నెండు రోజుల్లో ఎన్ని మరుగున పడిపోతాయో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఒక్కనాడూ అబద్ధం రాయలేదు, దాని మీద ఆమెకు పట్టింపు. పైవాళ్లు అబద్ధం రాయమంటే ఖచ్చితంగా రాయనని చెప్పి, అదే పని జరిగేట్టు నిజమే రాసి ఇచ్చేది. పెళ్లి చేసుకోలేదు. చూసి వెళ్లిన సంబంధం వాళ్లు ఉద్దేశం ఉందా లేదా అని కబురు పెడితే, ప్రశ్న ఉత్పన్నం కాదని చెప్పమందని ఇంటా బయటా చెప్పుకుని నవ్వుతారు. అసలు సంగతేమిటంటే తల్లి పోయేనాటికి చెల్లెలికి తొమ్మిదేళ్లు, తనకి ఇరవై. ఆ చెల్లెల్ని చంకనేసుకుని చదువు చెప్పించి, కుట్టు నేర్పించి, తన మొదటి జీతంతో మిషను కొనిపెట్టింది. పెళ్లి కూడా తనే చేసింది.

చెల్లెలిది అక్కకి పూర్తిగా వేరే స్వభావం. మనసులో ఉన్నది నోట్లో ఆగదు. ఊళ్లో జనం గొడుగు ట్యాంకు అని పిలిచే పెద్ద నీళ్ల ట్యాంకు ఒకటుంది. ఆరు స్తంభాల మీద విప్పిన గొడుగులా నిలబడి ఉంటుంది. ఆ నీడలో పురపాలక సంఘం కట్టిన ఏడు గదుల వరసలో నాలుగోది చెల్లెలి కుట్టు దుకాణం. నలుగురు ఆడవాళ్లని కూర్చోబెట్టి పని చేయిస్తుంది. బడి వదిలాక చెల్లెలి కూతురు కూడా వచ్చి ఆ గుడ్డముక్కల్లోనే ఆడుకుంటుంది. ఎండాకాలం కూడా చల్లగా ఉంటుందక్కా, ఫ్యానక్కర్లేదు, అని మురిసిపోయేది.

ఆ శీతాకాలం సమావేశాల్లో ఒక ప్రశ్న వచ్చింది. అడిగినాయన కొత్త సభ్యుడు, అంతకుముందు ముప్పై ఏళ్లు బడిపంతులు. సభలో కూడా ఆయన్ని మాస్టారనే అంటారు. పదిహేడో నంబరు నీళ్ల ట్యాంకు స్తంభాలకు పగుళ్లు వచ్చిన మాట వాస్తవమేనా, అయితే కింద ఉన్నవారిని ఖాళీ చేయించడానికి ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి, అని సొంత దస్తూరీతో రాశాడు.

పదిహేడో నంబరు ట్యాంకూ గొడుగు ట్యాంకూ ఒకటే. మీకు చెబుతున్నాను, ఆమెకు తెలియదు. ఆఫీసులో ట్యాంకులన్నీ నంబర్లే, బయట ట్యాంకులన్నీ పేర్లే. ఆ పదిహేడు అన్న అంకె ట్యాంకు కడుపు మీద వెలిసిపోయిన రంగుతో రాసే ఉంది. వంద సార్లు దాని కింద నుంచి నడిచిందిగాని ఒక్కసారి తలెత్తి చూడలేదు.

కింది నుంచి ఇంజనీరు రిపోర్టు వచ్చింది. 'మూడు స్తంభాలకు నిలువుగా బీటలు ఏర్పడినవి, లోపలి ఇనుము తుప్పుపట్టినది, నిండుగా నీళ్లు పెట్టుట శ్రేయస్కరం కాదు' అని ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. బీటలు అని ఉంది. పగుళ్లు అని ఎక్కడా లేదు. కళ్లజోడు సర్దుకుని రాసింది. (అ) లేదండి. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. ఇప్పటి సెక్షన్ ఆఫీసరు చదివి, నీ చెయ్యి చెయ్యేనమ్మా అని మెచ్చుకున్నాడు. మూడో రోజుకి అచ్చయి సభలో బల్ల మీదికి చేరింది, పేపర్లో కూడా ఓ మూల పడింది.

ఆ ఆదివారం చెల్లెలు ఇంటికొచ్చి అన్నం తింటూ, మా ట్యాంకుకి పెచ్చులు రాలుతున్నాయక్కా, మొన్న ఒకటి మొదటి గది సైకిళ్లాయన భుజం మీద పడింది, అంది. ఆమెకి పెచ్చులకీ పదిహేడుకీ ముడి పడలేదు. పాత సున్నం రాలుతుందిలేవే అంది. అవునట, ప్రభుత్వం కూడా ఏం లేదందట, అని చెల్లెలు పెరుగు కలుపుకుంది. ఏ ప్రభుత్వం, ఎక్కడంది అని అడిగి ఉంటే కథ అక్కడే తిరిగిపోయేది. ఆమె అడగలేదు. సెలవు రోజున ప్రశ్నలంటే ఆమెకు ఒళ్లుమంట.

పన్నెండో రోజున మాస్టారి రెండో ప్రశ్న దిగింది. ఈసారి పగుళ్లు తీసేసి బీటలు అని రాశాడు, వాటి గురించి నివేదిక అందిన మాట వాస్తవమేనా అన్నాడు. ఎవరో ఆయనకి లోపలి మాట చేరవేశారు. ఆమెకి కోపం రాలేదు సరికదా హుషారొచ్చింది. చాన్నాళ్లకి సరైన జోడీ దొరికిందనుకుంది. ఇంజనీరు పంపినది ముసాయిదా, దాని మీద చీఫ్ ఇంజనీరు సంతకం ఇంకా పడలేదు. సంతకం లేనిది నివేదిక ఎలా అవుతుంది? (అ) లేదండి. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. ఆ సాయంత్రం క్యాంటీన్లో తోటివాళ్లకి ఈ ముచ్చట చెప్పి మరీ నవ్వించింది.

మూడో ప్రశ్న ఇంకో పన్నెండు రోజులకి వచ్చింది. మాస్టారు ఈసారి దారులన్నీ మూసుకుంటూ వచ్చాడు. 'పదిహేడో నంబరు ట్యాంకుకు పగుళ్లు, బీటలు, నెర్రెలు లేదా మరే పేరుతో పిలిచే చీలికలైనా ఉన్నాయని సంతకంతో గాని సంతకం లేకుండా గాని ఏ కాగితమైనా అందిన మాట వాస్తవమేనా? ఆ ట్యాంకు కింద ఎన్ని గదులున్నాయి, ఎవరెవరివి, ఎంతమంది పనిచేస్తున్నారు?' చదివి ఆమె పెదవి విరిచింది. ఈయన పదో తరగతి పేపరు దిద్దుతున్నాడా ఏమిటి అంది. సరే, లెక్క పంపమని కింది ఆఫీసుకి రాసింది.

లెక్క మంగళవారం పదకొండింటికి వచ్చింది. ఒకే ఒక్క కాగితం. ఒకటో గది, సైకిళ్ల మరమ్మతు, ముగ్గురు. రెండోది, తాళాలు చేసేవారు, భార్యాభర్తలు, ఇద్దరు కొడుకులు, నలుగురు. మూడోది, పాత పుస్తకాలు, ఇద్దరు. నాలుగో గది, ఆడవారి దుస్తులు కుట్టు దుకాణం, ఐదుగురు. యజమాని పేరు దగ్గర చెల్లెలి పేరుంది. తండ్రి పేరు దగ్గర తన తండ్రి పేరే ఉంది. అట్టడుగున మొత్తం ఇరవై మూడు మంది అని వేసి, చుట్టూ సున్నా చుట్టారు.

చదివిందే మళ్లీ చదివింది. ముసాయిదా తీసి చూసింది. నిండుగా నీళ్లు పెట్టుట శ్రేయస్కరం కాదు. తేదీ చూస్తే నెల దాటింది. రోజూ పొద్దున పదింటికి మోటారు వేస్తారనీ, నీళ్లెక్కుతుంటే పైన హోరుమని చప్పుడొస్తుందనీ, ఆ చప్పుడుకి మిషన్ల చప్పుడు కూడా వినబడదనీ చెల్లెలు చెప్పిన మాట గుర్తొచ్చింది. చెప్పులు వెతుక్కుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగింది.

దుకాణం ముందు నిలబడి మొట్టమొదటిసారి తలెత్తి చూసింది. 17. దాని కింద స్తంభం పొడుగునా ఒక గీత ఉంది, చిటికెనవేలు దూరేంత. గీతలోంచి తుప్పునీళ్లు కారి కింద గట్టు మీద ఎర్రటి చార కట్టింది. చెల్లెలు మిషను మీంచి లేచి, ఈ వేళప్పుడొచ్చావేంటక్కా అని నవ్వుతూ ఎదురొచ్చింది. లోపల గోడ మీద, అద్దం పక్కన, పేపరు కత్తిరింపు ఒకటి అంటించి ఉంది. అందులో ఏముందో ఆమె చదవక్కర్లేదు.

చెల్లెలు గర్వంగా చెప్పుకొచ్చింది. పెచ్చులు రాలుతున్నప్పుడు అందరూ హడలిపోయారట. ఏడు గదులూ ఖాళీ చేసేద్దామని అనుకున్నారట. సైకిళ్లాయన మూటా ముల్లే కూడా కట్టేశాడట. ఆ ఆదివారం అయ్యాక ఎవరో పేపర్లో పడిన ఈ జవాబు తెచ్చి చూపించారట. ఇది రాసేది మా అక్కే, మా అక్క చచ్చినా అబద్ధం రాయదు, అని తనే గది గదికీ తిరిగి చెప్పి వాళ్లని ఆపిందట.

కటింగు బల్ల మీద కూర్చుండిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పింది. పగుళ్లని అడిగారు, బీటలని ఉంది, అందుకని లేదన్నాను, అంది. చెల్లెలు చేతిలో గుడ్డ కింద పెట్టింది.

"అయితే బీటలున్నాయనేగా?"

"ఉన్నాయి. ఇవాళే ఖాళీ చెయ్యి."

"నేను పోతాను సరే. మిగతావాళ్లకి ఏం చెప్పను? నువ్వు చెప్పింది నమ్మాలా, నువ్వు రాసింది నమ్మాలా?"

చెల్లెలే తేరుకుని, వీళ్లని ఆపింది నేను, వీళ్లని వదిలేసి నా మిషన్లు మోసుకుపోలేనక్కా, నువ్వు వెళ్లి అవునని రాయించు, అచ్చు కాగితం చూపిస్తే ఒక్క పూటలో అందర్నీ బయటికి తెస్తాను, అంది. ఆమె మాటిచ్చింది.

ఆ మధ్యాహ్నమే రాసింది. (అ) అవునండి. ఆ మాట రాసే అలవాటు లేక 'వు' కొమ్ము రెండుసార్లు దిద్దింది. సెక్షన్ ఆఫీసరు చూసి ఫైలు మూసి, చుట్టూ చూసి, మళ్లీ తెరిచాడు. అవునండి అంటే రేపు పొద్దున్నే కొత్త ట్యాంకెక్కడ అంటారు, నెల రోజులుగా లేదన్నదెవరంటారు, మంత్రిగారు సంతకం పెడతారా అన్నాడు. పెట్టకపోతే మనుషులు చస్తారండీ అని ఆమె ఉన్నమాట అనేసింది. ఆయన ఇబ్బందిగా చూసి ఫైలు పైకి పంపాడు. బుధవారమంతా జాయింట్ సెక్రటరీ బల్ల మీద ఉంది. ఆమె గంటకోసారి వెళ్లి చూసొచ్చింది. వెళ్లిన ప్రతిసారీ దాని మీద ఇంకో ఫైలు చేరింది.

గురువారం మధ్యాహ్నం సభని రెండు రోజులు ముందుగానే ముగించేశారు. సభ ముగిస్తే జవాబివ్వని ప్రశ్నలన్నీ రద్దయిపోతాయి. సాయంత్రానికి ఫైలు తిరిగొచ్చింది. పక్కన ఎర్రసిరాతో 'సమావేశాలు ముగిసినందున జవాబు అవసరం లేదు, మూసివేయవచ్చు' అని ఉంది. ఇన్నేళ్లలో ఆ ముక్క ఎన్ని ఫైళ్ల మీద చూసి హమ్మయ్య అనుకుందో లెక్కలేదు.

ఆమె తిన్నగా సభ్యుల గ్రంథాలయానికి వెళ్లింది. మాస్టారు పుస్తకాలు సర్దుకుంటున్నాడు. బక్కపల్చటి మనిషి, మోచేతుల దగ్గర కోటు మాసిపోయి ఉంది. తానెవరో చెబితే లేచి నిలబడ్డాడు. కలెక్టరుకి రాశానమ్మా, పేపరువాళ్లకీ చెప్పాను, ప్రభుత్వం లేదన్నాక నీ దగ్గర కాగితమేదీ అంటున్నారు, అన్నాడు. ఆపైన, "మొదటే బీటలని రాయాల్సిందమ్మా. తప్పు నాదే," అన్నాడు. ఆయన తనని తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకనిపించింది.

శుక్రవారం పొద్దున ఆఫీసుకి సెలవు పెట్టి, తెల్లకాగితం మీద, తనకొచ్చిన ఒకే ఒక్క పద్ధతిలో రాసింది. (అ) అవునండి, బీటలున్నాయి. (ఆ) ఇంతవరకు ఏ చర్యా తీసుకోలేదు. (ఇ) ఏడు గదులు, ఇరవై మూడు మంది. కింద తన అసలు పేరు, హోదా రాసి సంతకం పెట్టింది. అది పట్టుకుని దుకాణానికి వెళ్తే, చెల్లెలు చదివింది. మైదాపిండి జిగురు కాచి, ఆ పేపరు కత్తిరింపు పక్కన ఈ కాగితాన్ని తనే అంటించింది. గంటలో ఐదు మిషన్లూ రోడ్డుకవతల ఒక ఇంటి వరండాలోకి చేరాయి. తాళాలవాళ్లు నలుగురూ కూడా వాళ్ల వెనకే వచ్చేశారు.

మిగతా ఐదు గదులూ కదల్లేదు. సైకిళ్లాయన రెండు కాగితాలూ పోల్చి చూసి, అచ్చులో లేదని ఉంది, చేతిరాతలో ఉందని ఉంది, ఒక్కసారి మూట కట్టి విప్పానమ్మా, మంత్రిగారి సంతకం తెస్తే మళ్లీ కడతాను, అన్నాడు. వదిలిపెడితే ఆ గది మళ్లీ తనకి దక్కదని ఆయన భయం. చెల్లెలు మాత్రం పట్టు వదల్లేదు. రోజూ పదింటికి మోటారు వేయగానే రోడ్డు దాటి వెళ్లి, గది గదికీ తిరిగి బతిమాలేది. ఆ టైములోనే ఎందుకే, ఇంకో వేళ వెళ్లొచ్చు కదా, అని ఆమె గోలపెడితే, నీళ్లెక్కే చప్పుడు వింటే భయపడి వస్తారేమోనని అక్కా, అంది. నేను ఆపినవాళ్లు, నేనే తేవాలి, అంది.

సోమవారం ఆమెకి మెమో వచ్చింది. మూడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. (అ) పదిహేడో నంబరు ట్యాంకు వద్ద దుకాణం గోడకు ప్రభుత్వ సమాచారం గల కాగితాన్ని మీరు అంటించిన మాట వాస్తవమేనా? (ఆ) అయితే, మీపై చర్య ఎందుకు తీసుకోరాదు?

బుధవారం పొద్దున దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ల చేతివాటం ఎక్కడికి పోతుంది, జవాబు దానంతటదే కనబడింది. కాగితం రాసింది తను. అంటించింది చెల్లెలు. మీరు అంటించిన మాట వాస్తవమేనా అంటే, లేదండి. ప్రశ్న ఉత్పన్నం కాదు. అక్షరం అబద్ధం లేదు, ఉద్యోగం పోదు, పింఛను ఆగదు. ఆ మెమో రాసినవాడికి ఈ విద్య సరిగా రాదనుకుంటే ఆమెకి నవ్వు కూడా వచ్చింది. పెన్ను తీసి (అ)కి ఎదురుగా 'అవునండి' అని రాసింది. ఈసారి 'వు' కొమ్ము తిన్నగానే పడింది.

(ఆ) దగ్గర పెన్ను పెడుతుండగా ఫోను మోగింది. గోడ గడియారంలో పదీ ఇరవై అయింది. కింది ఆఫీసు నుంచి, ఆ బీటల రిపోర్టు రాసిన ఇంజనీరు. గొంతు బొంగురుపోయి ఉంది, వెనక జనం కేకలు వినిపిస్తున్నాయి.

"మేడం, పదిహేడు పడిపోయింది. మొత్తం పడిపోయింది. కింద ఎంతమంది ఉంటారో మీ ఫైల్లో లెక్క ఉందటగా, ఫైరువాళ్లు అడుగుతున్నారు."

ఆ లెక్కకి ఆమెకి ఫైలు అక్కర్లేదు.

"ఇరవై మూడు. శుక్రవారం తొమ్మిది మంది ఖాళీ చేశారు. పద్నాలుగు."

అవతల ఆయన పద్నాలుగని ఎవరికో అరిచి చెబుతున్నాడు. అడిగిన మాటకి జవాబైపోయింది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పడం ఆమె ఎరగదు. రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది.

"ఆగండి. పదిహేనని రాసుకోండి. మా చెల్లెలు రోజూ ఈ వేళకి వాళ్లని పిలవడానికి లోపలికెళ్తుంది."